మొదటి ముద్ద

రైసుమిల్లు కాటా మీద మరదలు చిన్నమ్మాయిని నిలబెట్టి, గుమాస్తా చేత రెండుసార్లు తూయించింది సూరాయమ్మ. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజుకన్నా రెండు కేజీలు ఎక్కువ చూపించింది కాటా. ఇంకేముంది! మిల్లు నుంచి ఇంటికొచ్చే దారిలో ఒక్క గుమ్మం వదిలిపెట్టలేదు ఆవిడ.

"కడుపు సగం కోసి తీసేసిన మనిషర్రా! నెల తిరిగేసరికి ఎలా ఒళ్ళు చేసిందో చూడండి. పత్యమంటే అలా పెట్టాలి."

"నిజమేనండోయ్, మొహంలో కళొచ్చింది" అన్నారు చూసినవాళ్ళు.

చిన్నమ్మాయి ఆవిడ భుజం పట్టుకుని వెనకాల నిలబడింది. పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు. పొద్దున్న లేచేసరికి కళ్ళ కింద సంచులు వేలాడుతున్నాయి. ఇంత కళొచ్చిన మనిషికి నాలుగిళ్ళు నడిస్తే మోకాళ్ళెందుకు వణుకుతున్నాయని ఒక్కరికీ అనుమానం రాలేదు. చిన్నమ్మాయీ చెప్పలేదు. నోరు లేక కాదు. మన మేలు కోసం ఒకావిడ రాత్రనక పగలనక తిరుగుతుంటే, ఆవిడ మొహం మీద "నాకేం బాగోలేదండీ" అని ఎలా అనగలం? అదో పెద్ద ఇరకాటం.

సూరాయమ్మ చిన్నమ్మాయి మొగుడు అప్పాజీకి అక్క. మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. పెనుగొండలో ఇంటికి తాళం వేసి, పాలకొల్లు పక్కనున్న ఈ ఊరికి సంచీ పట్టుకుని వచ్చేసింది. చిన్నమ్మాయి కూతురు సుప్రియ జంగారెడ్డిగూడెంలో పచ్చి బాలింతరాలు, అది రాలేదు. ఇంకెవరు చేస్తారు? ఏ మాటకామాటే చెప్పుకోవాలి, తలస్నానం దగ్గర్నుంచి పక్క దులపడం దాకా సూరాయమ్మే. చిన్నమ్మాయి చేత చెంబుడు నీళ్ళు కూడా ఎత్తనివ్వలేదు. మిరియాల చారు, పాత బియ్యపన్నం, ధనియాల కారం, మహా అయితే నాలుగు బీరకాయ ముక్కలు. అదీ మెత్తగా పిసికి మరీ పెట్టేది. పప్పు తింటే కుట్లు చీము పడతాయి. గుడ్డు వేడి. చేప వాతం. పెరుగు సంగతి ఎత్తితేనే ఆవిడకి కోపం.

జబ్బు పేరు ఆ ఇంట్లో ఎవరూ పలకరు. "కడుపులో పుండు" అంటారు. క్యాన్సరని చిన్నమ్మాయికి తెలుసు. ఆవిడకి తెలుసని మిగతావాళ్ళకి తెలీదు.

మర్నాడు రాజమండ్రి వెళ్ళాలి. ఈసారి సెలైన్‌లో మందు ఎక్కించడం మొదలెడతామని డాక్టరు ముందే చెప్పాడు. రెండు కేజీలు పెరిగింది కదా, ఇంక దిగులు లేదనుకుని అప్పాజీ ఆ రాత్రి హాయిగా గురక పెట్టాడు.

*

డాక్టరు శశిభూషణ్ వయసులో చిన్నవాడే గానీ మాట తిన్నగా ఉంటుంది. అప్పాజీ కుర్చీలో సర్దుకుని, "రెండు కేజీలు పెరిగిందండి డాక్టరుగారూ!" అన్నాడు, వాయిదా కట్టేసినంత ధీమాగా.

డాక్టరు చిన్నమ్మాయి చీర కుచ్చిళ్ళు చీలమండ పైకి జరపమని చెప్పి, కాలి ముందువైపు ఎముక మీద బొటనవేలితో నొక్కాడు. వేలు తీశాక అక్కడ గుంట పడి ఉండిపోయింది. ముగ్గురూ ఆ గుంట వైపు చూస్తున్నారు. అది ఎంతకీ పూడదే!

"ఇది ఒళ్ళు కాదండి, నీరు" అన్నాడు డాక్టరు. "తిండిలో బలం లేకపోతే ఇలాగే నీరు పడుతుంది. పైకి మనిషి నిండుగా కనపడుతుంది, లోపల కండ కరిగిపోతూ ఉంటుంది."

తర్వాత ఆవిణ్ణి గోడవార స్టూలు మీద కూర్చోబెట్టి, చేతులు రెండూ గుండెల మీద కట్టుకోమన్నాడు.

"ఇప్పుడు చేతులు ఆన్చకుండా లేవండమ్మా."

ఇదో పరీక్షా అనుకుంది చిన్నమ్మాయి. కళ్ళంలో ధాన్యం బస్తాకి ఓ చివర తను పట్టుకుని బండికెత్తిన మనిషి. ముందుకు వంగింది. లేవలేదు. ఇంకోసారి వంగింది. తొడలు వణికాయి గానీ ఒళ్ళు స్టూలు వదల్లేదు. మూడోసారి చెయ్యి దానంతటదే వెళ్ళి గోడ పట్టుకుంది. సిగ్గుతో మొహం ఎర్రబడిపోయింది ఆవిడకి. అప్పాజీ కిటికీలోంచి గోదావరి గట్టు వైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఏం తింటున్నారీవిడ?" అని డాక్టరు అప్పాజీని అడిగాడు.

"అన్నీ తింటుందండి."

"అన్నీ అంటే? నిన్న మధ్యాహ్నం ఏం తిన్నారు?"

అప్పాజీకి తెలీదు. పెళ్ళై ఇరవయ్యేడేళ్ళయింది. ఆవిడ తినగా ఎప్పుడూ చూడలేదు. ఆయన తిని చెయ్యి కడుక్కుని వీధరుగు మీదకి వెళ్ళాక కదా ఆవిడ కంచం పెట్టుకునేది! చూడాలని ఎప్పుడూ తోచలేదు కూడా.

"మా అక్క చూసుకుంటుందండి" అన్నాడు చివరికి.

డాక్టరు కలం కింద పెట్టేసి చిన్నమ్మాయి వైపు తిరిగాడు. "అమ్మా, ఆపరేషన్ బాగా అయింది. ఎక్కడైనా ఇంకాస్త మిగిలి ఉంటే, దాన్ని చంపడానికే ఈ మందు. అది తట్టుకోవాలంటే ఒంట్లో కండ ఉండాలి. ఇప్పుడెక్కిస్తే జబ్బు కన్నా ముందు మందే మిమ్మల్ని తీసుకుపోతుంది. ఎక్కించకపోతే జబ్బు తిరగబడుతుంది. మూడు వారాలు ఆగుతాను. అంతకన్నా ఆగితే లాభం లేదు. అప్పటికి మీరు ఆ స్టూలు మీంచి మీ అంతట మీరు లేవాలి."

"ఏం తినాలండి?" అంది చిన్నమ్మాయి.

"పప్పు, గుడ్డు, చేప, పెరుగు. ఉన్నది సగం కడుపే, ఒక్కసారి పట్టదు. రెండు గంటలకోసారి గుప్పెడు గుప్పెడు తినాలి. నడవాలి, లేవాలి, కూర్చోవాలి, బరువు మెల్లిమెల్లిగా ఎత్తాలి. ఇంకో మాట, ఎవరికోసమూ ఆగకండి. ఆయన రాలేదు, ఇంకొకరు తినలేదు అని కూర్చోకండి."

వ్యాను రావులపాలెం దాటి సిద్ధాంతం వంతెన ఎక్కింది. వంతెన మధ్యలో అప్పాజీ, "అక్కకి నెమ్మదిగా చెబుదాంలే" అన్నాడు. ఆ నెమ్మది ఎంత కాలం పడుతుందోనని చిన్నమ్మాయికి అప్పుడే గుండెల్లో రాయి పడింది.

*

నెమ్మదిగా కూడా చెప్పలేదు మహానుభావుడు. "కాస్త బలమైన తిండి పెట్టమన్నాడే అక్కా" అని గుమ్మంలోనే అనేసి, మోటారు సైకిలెక్కి రొయ్యల చెరువుకి వెళ్ళిపోయాడు.

మిగిలింది చిన్నమ్మాయి చెప్పింది. సూరాయమ్మ అంతా విని, చారులో ఇంకో రెండు మిరియాలు నూరి వేసింది.

"ఆ డాక్టరు కొయ్యడం చదువుకున్నాడు, పెట్టడం చదువుకున్నాడా? పప్పు తిని కుట్లు చీము పడితే వాడొచ్చి కడుగుతాడా? నేను చూసినన్ని పత్యాలు వాడు చూశాడేంటి? నువ్వు పడుకో."

పడుకోవడం ఒకటి! పడుకుంటే ఒళ్ళంతా చీమలు పాకినట్టుంటుంది. లేచి కూర్చుంటుంది. కూర్చుంటే ఆ స్టూలు గుర్తొస్తుంది. లేచి పెరటి గుమ్మం దాకా వెళుతుంది, మళ్ళీ వీధి గుమ్మం దాకా వస్తుంది. బయట వాన పట్టింది, ఊడ్పులైపోయిన చేలన్నీ నీళ్ళతో నిండి ఉన్నాయి. గోడ గడియారం గంట కొట్టినప్పుడల్లా తిండి టైమైందని వంటింటి వైపు చూస్తుంది. అయినా ఏం తింటుంది? ఎలా తింటుంది? అప్పాజీ చెరువు నుంచి ఏ రెండింటికో గానీ రాడు. మగాడు తినకుండా ఆ ఇంట్లో ఆడమనిషి కంచం ముట్టుకున్న రోజు లేదు. ఎవరూ కర్ర పట్టుకుని కూర్చోలేదు, అయినా లేదు. చిన్నమ్మాయికే చెయ్యి రాదు. అన్నం గిన్నె మూత తీస్తుంది, మళ్ళీ పెట్టేస్తుంది. ఛీ, ఇదేం బతుకే అని తనని తనే తిట్టుకుంటుంది.

తీరా రెండున్నరకి సూరాయమ్మ చారన్నం కలిపి పళ్ళెం నిండా పెట్టేది. ఆకలి మీద గబగబా తినేసరికి చెమటలు పట్టి, కళ్ళు తిరిగి, గుండె కొట్టుకునేది. "చూశావా, అరగలేదు! రాత్రికి లంఖణం" అనేది సూరాయమ్మ. ఆ రాత్రికి గ్లాసుడు బార్లీ నీళ్ళు. ఇంక కండెక్కడ పడుతుంది!

మూడో రోజు పొద్దున్న అంట్లు తోమే బేబి, గిన్నెలు బోర్లిస్తూ, "అమ్మగారూ, మీ గాజులు మోచేతి దాకా వెళ్ళిపోతన్నాయండి" అంది. మామూలుగానే అంది. చిన్నమ్మాయి చెయ్యి పైకెత్తి చూసుకుంది. గాజులు జారి మోచేతి దగ్గర ఆగాయి. కాళ్ళేమో లావుగా ఉన్నాయి, చేతులేమో పుల్లలు. ఆవిడకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

"బేబీ, మీ ఇంట్లో కోళ్ళున్నాయిగా. రేపటి నుంచి రెండు గుడ్లు ఉడకబెట్టి తేగలవా? పెద్దమ్మగారికి తెలీకూడదు."

బేబి ఎందుకని అడగలేదు. మర్నాటి నుంచి కొంగులో కట్టుకుని తెచ్చింది. పశువుల పాకలో గడ్డి మోపు వెనకాల కూర్చుని, చిన్నమ్మాయి ఒక గుడ్డు పొద్దున్నా, ఒకటి నాలుగింటికీ తినేది. ఉప్పు కూడా లేకుండా, కొంచెం కొంచెం కొరుక్కుని, బాగా నమిలి. తిన్నాక పాలు పితికే పీట మీద కూర్చుని, గుంజ పట్టుకుని లేచేది. ఎత్తు తక్కువ పీట, ప్రాణం పోయినంత పనయ్యేది. గేదె తల తిప్పి చూసేది. "ఏంటే చూస్తున్నావ్, నీకేం, నీ కుడితి టైముకొస్తుంది" అని దాన్ని కసిరేది. ఒకసారి పూర్తిగా పట్టుకుని, ఒకసారి వేళ్ళు మాత్రం ఆన్చి, ఒకసారి పట్టుకోకుండా సగం దాకా. పడిపోయి పేడలో చెయ్యి పెట్టింది ఓ రోజు. అయినా మానలేదు.

ఎన్నాళ్ళు దాగుతుంది? పెంటకుప్ప దగ్గర గుడ్డు పెంకులు సూరాయమ్మ కంటపడ్డాయి. ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. ఆ పెంకులు పాత ఇస్తరాకు ముక్కలో వేసి తీసుకొచ్చి, అన్నం తింటున్న అప్పాజీ కంచం పక్కన పెట్టింది.

"నీ పెళ్ళాం దొంగతిండి తింటోందిరా తమ్ముడూ. గడ్డిమోపు వెనకాల. నేనిక్కడ తిండీ నిద్రా మానుకుని చేస్తుంటే, నన్ను కాదని. రేపు ఏదన్నా అయితే ఊరంతా అనేది నన్ను. నన్ను పంపించెయ్యి."

దొంగతిండి! తన ఇంట్లో, తను పాలు పితికే పాకలో! చిన్నమ్మాయి తలుపు పట్టుకుని నిలబడి మొగుడి వైపు చూసింది. ఒక్క మాట అంటాడేమోనని చూసింది. ఆయన పెరుగన్నం కలుపుతూ, "ఊర్కోవే అక్కా" అన్నాడు, అంతే. బేబిని పనిలోంచి తీసెయ్యలేదు, అదొక్కటే నయం. గుడ్లు మాత్రం ఆగిపోయాయి.

అప్పాజీ గదిలోకి వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు. "అక్క మాట నేనెప్పుడూ కాదన్లేదు. నీకు తెలుసుగా. నీకోసమే కదా చేస్తోంది. కాస్త నువ్వే సర్దుకో."

"ఏం సర్దుకోనండీ? ఇంకా ఏం మిగిలిందని?"

"మెల్లిగా మాట్లాడు."

"మీ రొయ్యలకి టైము ప్రకారం మేత చల్లుతారు. ట్రే నీళ్ళలోకి దింపి, మళ్ళీ పైకెత్తి, ఎంత తిన్నాయో ఎంత మిగిల్చాయో చూసుకుంటారు. తినకపోతే మీకు నిద్ర పట్టదు. నా కంచం ఒక్కనాడన్నా చూశారా? డాక్టరు అడిగితే నోరు పెగల్లేదు. నాకు చచ్చిపోవాలని లేదండీ. సుప్రియ పిల్లాణ్ణి ఎత్తుకోవాలని ఉంది. మీతో ఇంకా దెబ్బలాడాలని ఉంది."

అప్పాజీ లేచి లుంగీ బిగించుకుని చెరువుకి వెళ్ళిపోయాడు. ఎల్లుండి మామగారి తద్దినం. అది కూడా ఉందా అనుకుంది చిన్నమ్మాయి.

*

తద్దినం నాడు తెల్లారకుండానే వాన మొదలైంది. పురోహితుడు భాస్కరంగారు గొడుగు ముడుచుకుంటూ వచ్చి, వసారాలో పీట వేయించుకున్నారు. అప్పాజీ తడిపంచెతో, వేలికి దర్భ ఉంగరంతో ఎదురుగా కూర్చున్నాడు. నలుగురు చుట్టాలొచ్చి వీధరుగు మీద కూర్చున్నారు. వంటంతా సూరాయమ్మ ఒంటి చేత్తో చేసింది. ముద్దపప్పు, గారెలు, అరటికాయ కూర, చామదుంపల పులుసు, పరమాన్నం. ఇల్లంతా నేతి వాసన.

ఎవరూ మంచినీళ్ళు కూడా ముట్టుకోకూడదు. పిండం పెట్టాలి, అది గోడ మీద పెడితే కాకి ముట్టాలి, అప్పుడు మగవాళ్ళు కూర్చోవాలి, వాళ్ళయ్యాక ఆడవాళ్ళు. సూరాయమ్మ తండ్రంటే ప్రాణం పెట్టేది. పొద్దున్నుంచీ కళ్ళు తుడుచుకుంటూనే వండింది. చిన్నమ్మాయిని మంచం మీంచి లేపి, తలస్నానం చేయించి, "ఇవాళొక్క రోజూ నిష్ఠగా ఉండు తల్లీ. ఆ మహానుభావుడు చూసుకుంటాడు నిన్ను" అంది.

సరేలే అనుకుంది చిన్నమ్మాయి. ఒక్క పూటే కదా.

మంత్రాలయ్యాయి. పిండం గోడ మీద పెట్టారు. వాన కొంచెం కూడా తగ్గలేదు. ఒక్క కాకి లేదు. అప్పాజీ చూరు కింద నిలబడి "కా, కా" అని పిలిచాడు. చుట్టాల్లో ఒకాయన చప్పట్లు కొట్టాడు. వానకి కాకులన్నీ ఏ చింత కొమ్మల్లో నక్కి ఉన్నాయో. గోడ మీద పిండం తడిసి విడిపోతోంది. "మామయ్యకి ఏదో కోరిక ఉండిపోయినట్టుంది" అన్నాడింకొకాయన. సూరాయమ్మ గోడ దగ్గరికెళ్ళి తడుస్తూ దణ్ణం పెట్టింది.

చిన్నమ్మాయి వంటింటి గుమ్మంలో కూర్చుని ఉంది. ముందు చేతులు వణికాయి. తర్వాత చెవుల్లో హోరు మొదలైంది. లేచి నడుద్దామనుకుంది, నడిచింది, మళ్ళీ వచ్చి కూర్చుంది. చెమట వీపు మీంచి కారుతోంది. గోడ అవతల వాన పడుతోంది, ఇవతల ఇంతమంది కాకి కోసం చూస్తున్నారు. ఒక్కరు కూడా ఇటు చూడటం లేదు. ఉన్నట్టుండి ఆవిడకి భయం వేసింది. ఇలాగే, ఇంతమంది మధ్యలో, ఇంత వంట పెట్టుకుని, మర్యాద తప్పకుండా తను పోతుంది. ఎవరికీ కోపం కూడా రాదు.

లేచింది. అరిటాకు ముక్క ఒకటి తీసి కడిగింది. అన్నం రెండు గుప్పెళ్ళు, దాని పక్కన ముద్దపప్పు గరిటెడు వేసుకుంది. వంటింట్లో తినొచ్చు, తలుపు వేసుకోవచ్చు. దొంగతిండి అన్న మాట ఇంకా చెవిలో ఉంది. ఆకు పట్టుకుని నడవాలోకి వచ్చి, వసారాలోని వాళ్ళందరికీ కనపడేలా పీట వాల్చుకుని కూర్చుంది. పప్పన్నం కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.

చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. వాకిట్లోంచి తడిసి వచ్చిన సూరాయమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"చిన్నమ్మాయ్! నాన్న ఇంకా ముట్టలేదే!"

చిన్నమ్మాయి ఆ ముద్ద నమిలి మింగింది. తొందరపడలేదు.

"మామయ్యగారు ఎంతసేపైనా ఆగగలరు వదినగారూ. నేను ఆగలేను."

రెండో ముద్ద పెట్టుకుంది. ఒక్క మెతుకు కింద పడలేదు.

భాస్కరంగారు ఉత్తరీయం సర్దుకుంటూ, "రోగికి నియమం లేదమ్మా. పొద్దున్నే పెట్టేసి ఉండాల్సింది. ఎవరన్నా అడిగితే నేను చెప్పేవాణ్ణిగా" అన్నారు. చిన్నమ్మాయికి ఆ మాట వింటే సంతోషం కలగలేదు, కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ లేని నియమానికా తను గడ్డిమోపు వెనకాల దాక్కుంది! ఆయన వైపు తల కూడా తిప్పకుండా మూడో ముద్ద కలుపుకుంది.

చుట్టాలు అప్పాజీ వైపు చూశారు. అప్పాజీ చూరు కింద, తడి చేతులతో, పెళ్ళాం తినడం చూస్తున్నాడు. నమిలేటప్పుడు ఆవిడ కణతల దగ్గర ఎముక ఎలా కదులుతోందో చూస్తున్నాడు. పురోహితుడూ చుట్టాలూ అందరూ వినేలాగే అన్నాడు.

"అక్కా, నెయ్యి వెయ్యి ఆవిడకి."

అక్కకి ఆయన పని చెప్పడం అదే మొదలు. సూరాయమ్మ కదల్లేదు. తడి కొంగులోంచి నీళ్ళు గచ్చు మీద కారుతున్నాయి. ఇప్పుడు సంచీ తెచ్చుకుని పెనుగొండ బస్సెక్కుతుందనే అనుకున్నారంతా. ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెల చప్పుడైంది. నేతి గిన్నె, పప్పు గిన్నె రెండూ పట్టుకుని వచ్చి, చిన్నమ్మాయి ఎదురుగా గొంతుక్కూర్చుంది. నెయ్యి వేసే చెంచా ఆకు మీద ఆగిపోయింది.

"మీ అన్నయ్యగారూ పప్పే అడిగారు" అంది, పోయిన మొగుణ్ణి తలుచుకుని. గొంతు చిన్నమ్మాయికి తప్ప ఎవరికీ వినపడలేదు. "ఆపరేషనయ్యాక, ఆఖరి రోజుల్లో. 'ఒక్క ముద్ద పెట్టవే' అని నా చెయ్యి పట్టుకున్నారు. చీము పడుతుందని నేను పెట్టలేదు."

చిన్నమ్మాయి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఎడం చేత్తో ఆకు కొంచెం ముందుకు జరిపింది, అంతే.

సూరాయమ్మ నెయ్యి వేసింది. తర్వాత గరిటె నిండా పప్పు వేసింది.

"ఆగకు. చిన్న ముద్దలు చేసుకుని తిను" అంది.